పెరటి విందుకు అవుట్‌డోర్ ప్యాకేజీ: ఏది ఉంచుకోవాలి, ఏది కొట్టేయాలి

పెరట్లో పదిమందిని కూర్చోబెట్టి భోజనం పెట్టేలా ఇంటిని సర్దుకోవాలనుకుంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు ఎదురయ్యేది ఒక ప్యాకేజీ. అమ్మేవాళ్ళు వేరైనా సరుకు దాదాపు ఒకటే. నేలకి కృత్రిమ గడ్డి, పైన పాలీకార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) షీట్ల పర్గోలా, అంటే స్తంభాల మీద నిలిపిన పందిరి, కింద పేము అల్లికలా కనిపించే వికర్ సోఫా సెట్టు, చుట్టూ సీరియల్ బల్బులు, మూలన నీటి తుంపర చల్లే మిస్ట్ ఫ్యాను, ఉచితమని చెప్పి అంటగట్టే చిన్న బార్బెక్యూ. చదరపు అడుగు లెక్కన కొటేషన్ ఇస్తారు, తొందరగా పని తేల్చేస్తారు, ఫొటోల్లో చూడముచ్చటగా ఉంటుంది. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ మీదా కాదు, ఆ ప్యాకేజీలో వచ్చే ఒక్కో వస్తువు మీద.

లెక్కలకి 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు ఉన్న పెరడు తీసుకుందాం. 300 చదరపు అడుగులు, పది పన్నెండు మంది మనుషులు. పరీక్ష ఒకటే: ఏప్రిల్ నెలాఖరున సాయంత్రం ఏడింటికి చెప్పులు విడిచి అక్కడ నిలబడగలమా? మన వాతావరణంలో పెరటి విందు చీకటి పడ్డాకే మొదలవుతుంది. పగలంతా తాగిన ఎండని నేలా గోడా కప్పూ కక్కేది సరిగ్గా ఆ వేళకే. వచ్చినవాళ్ళు తొమ్మిదిన్నర దాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారా, ప్లేటు పట్టుకుని లోపలి ఏసీ గదిలోకి పోతారా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ పరీక్షకి నిలిచే వస్తువులు ప్యాకేజీలో తక్కువ.

నేల

కృత్రిమ గడ్డితో మొదలుపెడదాం, కొట్టేయాల్సిన వాటిలో మొదటిది అదే. పచ్చి గడ్డి తనలోని నీటిని ఆవిరి చేస్తూ చల్లగా ఉంటుంది. ఇది ప్లాస్టిక్, ఆవిరి చేయడానికి దాంట్లో ఏమీ లేదు. మధ్యాహ్నం కాలు పెట్టలేరు. నీళ్ళు చల్లితే చల్లబడుతుంది కానీ ఎండలో ఎంతోసేపు నిలవదు. రెండో సంగతి, తిండి. గడ్డిపోచల మధ్య పడిన అన్నం మెతుకు, బిర్యానీ నెయ్యి, కోడి ఎముక ముక్క చీపురుకి రావు. తెల్లారేసరికి చీమల బారు తయారు. బొగ్గు నిప్పురవ్వ ఒక్కటి పడితే నల్లటి గుంట, దానికి మరమ్మతు లేదు, ఆ ముక్క కోసి కొత్తది అతికించడమే. వేయించిన తీరు కూడా చాలాచోట్ల తప్పే. మట్టి మీద వేస్తే కింద మూడు అంగుళాల క్రషర్ డస్టు దిమ్మిసతో గట్టిచేసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, అతుకుల కింద టేపూ జిగురూ పట్టించి, పోచలు నిలబడేలా సిలికా ఇసుక చల్లాలి. ఇందులో సగం ఎగ్గొట్టి నేరుగా పరిచేస్తే మొదటి వానాకాలానికే కింద గుంటలు పడి, పైన అలలు తేలతాయి. పిల్లలు ఆడుకునే బాల్కనీకి సరే. అన్నం తినే చోటుకి వద్దు.

దాని బదులు తాండూరు రాయి. వికారాబాద్ జిల్లాలో తీసే ఈ నాపరాయి మన ఇళ్ళకి కొత్తది కాదు, అందుకే ప్యాకేజీ వాళ్ళు దీని ఊసెత్తరు, ఫొటోలో కొత్తగా కనపడదు కదా. పసుపు, నీలం అని రెండు రంగులు దొరుకుతాయి. బయటికి పసుపుదే తీసుకోండి, లేత రంగు ఎండని తక్కువ పీలుస్తుంది. పాలిష్ చేయని రఫ్ బండ అడగండి, పాలిష్ బండ తడిస్తే జారుతుంది. 2×2 అడుగుల బండలైతే 300 చదరపు అడుగులకి 75, కోతలకీ పగుళ్ళకీ పదో వంతు కలిపి 83 తెప్పించుకోవాలి. కడప నల్లరాయి అందంగానే ఉంటుంది, అరుగుల పైబండకి దానికి సాటి లేదు. కానీ ఎండ పడే నేలకి వేస్తే ఏడింటి పరీక్షలో చిత్తుగా ఓడిపోతుంది. తాండూరు, కడప, బేతంచెర్ల అన్నీ సున్నపురాయి జాతివే కాబట్టి ఒక జాగ్రత్త ఉంది. పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి ఆరిపోతే, ముఖ్యంగా పాలిష్ చేసిన కడప బండ మీద, పాలిపోయిన మచ్చ దిగుతుంది. అది మురికి కాదు, రాయి పైపొర తినేసిన గుర్తు. ఎంత రుద్దినా పోదు. టాయిలెట్లకి వాడే యాసిడ్‌తో కడిగితే మొత్తం నేల అలాగే అవుతుంది. పండగ ముందు పనివాళ్ళు చేసే ఘనకార్యం ఇదే, ముందే చెప్పి పెట్టుకోండి.

యాసిడ్ భయం వద్దనుకుంటే ఫ్లేమ్డ్ గ్రానైట్ ఉంది. మంటతో పైపొర గరుకు చేసినది, జారదు, పులుపుకి చెక్కు చెదరదు. ఖర్చు తాండూరుకి రెండింతలు పైనే. లేత బూడిద రంగుదే ఎంచుకోవాలి.

సిమెంటు పేవర్ బ్లాకులకి మధ్యస్థమైన మార్కులు. మనుషులు తిరిగేచోట 60 ఎంఎం మందం సరిపోతుంది, కారు ఎక్కేదైతే 80. వీటి గొప్పతనం దర్జుల్లోంచి, అంటే బ్లాకుల మధ్య అతుకుల్లోంచి, నీళ్ళు కిందికి దిగడం, సాయంత్రం తడిపితే కాసేపు ఆ చల్లదనం నిలవడం. బలహీనత అంచులు. నాలుగు వైపులా కాంక్రీటులో కూర్చోబెట్టిన కెర్బు రాయి లేకపోతే చివరి వరస పక్కకి జరుగుతుంది, దాని వెనక రెండోది, ఏడాదిలో మధ్యన వేలు దూరేంత సందులు. ఆ సందుల్లో తుంగ, వాటి కింద చీమల పుట్ట. పరుపు ఇసుక 25 నుంచి 40 ఎంఎం ఉండాలి, మించితే బ్లాకులు కుంగుతాయి. కింద నాలుగు అంగుళాల గట్టి గ్రావెల్ ఉందో లేదో పని జరుగుతుండగానే చూడాలి, అయ్యాక చూడటానికి ఏమీ ఉండదు.

ఏ రాయి వేసినా తేడా పాడా తేలేది వాటం దగ్గర, అంటే నీరు పోవడానికి నేలకి ఇచ్చే వాలు దగ్గర. నీళ్ళు నిలిచిన పెరడుకి ఎన్ని దీపాలు పెట్టినా దోమల విందే. 80కి 1 వాటం అడగండి. 15 అడుగుల లోతుకి రెండుంపావు అంగుళాల దిగుడు. కంటికి తెలియదు, కుర్చీ ఊగదు, నీరు మాత్రం పోతుంది. రసమట్టం ఒక్కదానితో ఇంత పొడవు పట్టుకోవడం కష్టం. నీళ్ళ గొట్టంతో రెండు చివరలా గుర్తు పెట్టి దారం కట్టి చేయమనండి. వాటం ఇంటి గోడ నుంచి ప్రహరీ వైపుకి ఉండాలి, ఇంటి గడపకి కనీసం ఆరు అంగుళాల కిందే నేల మట్టం ఆగాలి. ఇప్పటికే ఉన్న గచ్చు మీద కొత్త బండలు పరిచేవాళ్ళు ఈ ఆరు అంగుళాలని మింగేస్తారు. జోరువానకి పెరట్లో నీళ్ళు వంటింట్లోకి వచ్చే ఇళ్ళలో జరిగింది చాలావరకు ఇదే.

ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఒక్క వానలో 5 సెంటీమీటర్లు పడితే ఈ 300 చదరపు అడుగుల మీద దాదాపు 1,400 లీటర్లు పడుతుంది. ప్రహరీ వెంట నాలుగు అంగుళాల కాలువ, పైన జాలీ, చివర 4×4×4 అడుగుల ఇంకుడు గుంత. అడుగున పెద్ద రాళ్ళు, పైన 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, మీద దొడ్డు ఇసుక. రాళ్ళ సందుల్లో పట్టేది 700 లీటర్లే, మిగతాది నేల పీల్చుకోవాలి. నల్లరేగడి నేల అంత తొందరగా పీల్చదు, అక్కడ గుంత నిండాక పొంగిన నీరు బయటికి పోయే తూము తప్పనిసరి.

బండల కింద 1:4:8 పాళ్ళలో సిమెంటు, ఇసుక, కంకర కలిపిన కాంక్రీటు నాలుగు అంగుళాలు వేస్తే 300 చదరపు అడుగులకి వంద ఘనపుటడుగులు. దానికి పది బస్తాల సిమెంటు, 50 ఘనపుటడుగుల ఇసుక, 95 ఘనపుటడుగుల కంకర. ఆపైన బండ కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) నిండుగా పడాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి బండ వాల్చేసే అలవాటు కొందరు మేస్త్రీలకి ఉంది. పని తొందరగా అవుతుంది, ముద్దల మధ్య డొల్ల మిగులుతుంది. పన్నెండుమంది కుర్చీలు జరిపితే పగిలేవి ఆ డొల్ల బండలే. వేసిన మూడోరోజు కర్రతో ఒక్కో బండా కొట్టి చూడండి, డొల్ల మోత వచ్చినవి సుద్దతో గుర్తు పెట్టి తీయించండి. దర్జులు నింపాక అయితే అదే పనికి రెట్టింపు చాకిరీ.

నిజమైన గడ్డి మాటేమిటంటే, రోజుకి నాలుగైదు గంటల ఎండ పడే చోటైతేనే. రెండంతస్తుల ఇంటి వెనక ఉత్తరం వైపు పెరట్లో అది బతకదు. కడియం నర్సరీల నుంచి మ్యాట్లుగా వచ్చినది మొదటి నెల తివాచీలా ఉండి, మూడో నెలకి బట్టతలవుతుంది. నీడ పడేచోట బండే నయం. ఎండ పడే అంచున ఒక మూడడుగుల పట్టీగా గడ్డి పెట్టుకుంటే కంటికి చాలు.

నీడ

పాలీకార్బనేట్ పర్గోలా మీద ఇంత మోజు ఎందుకో అర్థం చేసుకోవచ్చు, వాన ఆపుతుంది. వేడి మాత్రం ఆపదు. పారదర్శకమైన షీటు వేస్తే కింద గ్రీన్‌హౌసే. తప్పనిసరైతే పాలరంగు లేదా కంచు రంగు 10 ఎంఎం మల్టీవాల్ షీటు (రెండు పొరల మధ్య గొట్టాల్లా ఖాళీలు ఉండేది) తీసుకుని, ఇంటి గోడకీ కప్పుకీ మధ్య వేడి గాలి పోవడానికి అర అడుగు సందు వదలండి. ఆ సందు మీదికి సన్షేడు ఉంటే వాన జల్లు కూడా రాదు.

బిగింపులో జరిగే తప్పులు ఇవి. షీటుకి ఒక వైపే అల్ట్రావయొలెట్ పూత ఉంటుంది, ఆ వైపు ఆకాశానికి ఉండాలి. పై ప్లాస్టిక్ పొర మీద ఏ వైపో రాసే ఉంటుంది. పనివాళ్ళు ముందు ఆ పొర పీకేసి తర్వాత షీటు ఎక్కిస్తారు. తలకిందులుగా పడిన షీటు కొద్ది ఎండాకాలాలకే పసుపెక్కి పెళుసుబారుతుంది. లోపలి గొట్టాలు వాలు వెంటే పోవాలి, అడ్డంగా కాదు. వాలు అడుగుకి ఒక అంగుళానికి తగ్గకూడదు. పై చివర అల్యూమినియం టేపు, కింది చివర నీటి ఆవిరి పోయే చిల్లుల టేపు. ఈ టేపులు కొటేషన్‌లో కనబడవు. అవి లేని షీటు గొట్టాల్లో దుమ్మూ పాచీ చేరి ఆకుపచ్చ చారలు వస్తాయి, లోపలికి చెయ్యి దూరదు కాబట్టి కడగలేరు. ఎండకి ఈ షీటు మీటరుకి సుమారు 3 ఎంఎం సాగుతుంది. స్క్రూ రంధ్రం స్క్రూ కంటే 3 ఎంఎం వెడల్పు లేకపోతే రాత్రిపూట టపటపమని శబ్దాలు, తర్వాత రంధ్రం దగ్గర చీలిక. వాన చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు, కింద కూర్చున్నవాళ్ళు అరుచుకోవాల్సిందే.

విందులకి దానికంటే షేడ్ నెట్ నయం, అదీ విప్పి పెట్టుకునేలా. సాయంత్రం నాలుగింటి దాకా నేలని ఎండ నుంచి కాచి, చీకటి పడ్డాక తీసేస్తే రాత్రి వేడి ఆకాశంలోకి పోతుంది. పొద్దున మూయడం, సాయంత్రం తెరవడం, ఇంతకి మించిన ఏసీ పెరటికి లేదు. రెండు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగల మీద రింగులతో కర్టెనులా జరిగేటట్టు కట్టించుకోండి. 75 శాతం నీడ ఇచ్చేది చాలు, 90 శాతంది గాలిని కూడా అడ్డుకుంటుంది. రంగు విషయంలో దుకాణాలన్నీ ఆకుపచ్చే చూపిస్తాయి. దాని కింద పగటి భోజనం పెడితే పప్పు నుంచి పెరుగు దాకా అన్నీ పచ్చగా, మనుషుల మొహాలు జబ్బు చేసినట్టు కనబడతాయి. తెలుపో, లేత గోధుమ రంగో అడిగి తెప్పించుకోండి.

మూలలు లాగి కట్టే త్రికోణపు గుడ్డ, షేడ్ సెయిల్, కూడా బాగుంటుంది, కానీ మూలల్లో ఒకటి మిగతావాటికంటే రెండడుగులు పైన ఉండాలి. చదునుగా కడితే, అందులోనూ వాటర్‌ప్రూఫ్ గుడ్డయితే, మధ్యలో నీళ్ళు చెరువై గోడలో కొక్కేన్ని పెరికేస్తాయి. కొక్కేలు బీముకో కాలమ్‌కో బిగించాలి, ఇటుక గోడకి కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపువాళ్ళకి ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరు విశాఖ. అక్కడ పది నిమిషాల్లో విప్పలేని గుడ్డ ఏదీ కట్టకూడదు. తెలంగాణలో తుపాను లేకపోయినా ఏప్రిల్, మే నెలల గాలిదుమారం ఉంది. తొమ్మిదడుగుల గొడుగుతో ఇచ్చే ప్లాస్టిక్ దిమ్మె నీళ్ళు నింపినా దానికి ఆగదు. తడి ఇసుక నింపి, పక్కన సిమెంటు పలకలు పెట్టి 50 కిలోలకి తెండి. వాడకం అయిపోగానే గొడుగు మూసేయండి.

ఇనుప స్తంభాలు మట్టిలో పాతిన చోటే తుప్పు మొదలవుతుంది. 18 అంగుళాల చదరం, 24 అంగుళాల లోతు దిమ్మె పోసి, నేలకి నాలుగు అంగుళాలు పైకి తెచ్చి, దాని మీద బేస్ ప్లేటుని నాలుగు బోల్టులతో బిగించాలి.

తాటాకు పందిరికి ఇప్పటికీ చల్లదనంలో పోటీ లేదు. రెండు మూడేళ్ళకి కొత్త ఆకు కప్పించాలి, కింద నిప్పు పెట్టకూడదు, బల్లులూ తేళ్ళూ ఉచితం. పందిరి వేసే మనిషి ఊళ్ళో ఇంకా ఉంటే ఆలోచించండి.

గోడని మరిచిపోకండి. పడమటి ప్రహరీ ముదురు రంగు టెక్స్‌చర్‌తో వేయిస్తే రాత్రి పది దాకా వీపుకి కాపడం పెడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్నది ఇదే సూత్రం, తెల్లటి ఉపరితలం ఎండని తిప్పికొడుతుంది. మామూలు సున్నం రెండు పూతలు వేసినా తేడా తెలుస్తుంది.

గాలి, దోమ

మిస్ట్ ఫ్యాను కొనాలా వద్దా అన్నది మీ ఊరిని బట్టి. కర్నూలు, అనంతపురం, నిజామాబాద్ లాంటి పొడి ఎండల ఊళ్ళలో మే నెలలో బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలే తడి, అక్కడ తుంపర ఆవిరి కాక ఒంటికీ కుర్చీకీ పట్టి జిడ్డు చేస్తుంది. డబ్బు దండగ. పొడి ఊళ్ళలోనూ బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని నాజిళ్ళు మూసుకుపోతాయి. ఆర్వో నీళ్ళు పోయాలి, నెలకోసారి నాజిళ్ళు విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి. చవక రకాల్లో తుంపర కాదు, జల్లు వస్తుంది, అప్పడాలు మెత్తబడతాయి.

అందరికీ పనికొచ్చేది మామూలు స్టాండు ఫ్యాను. దోమ బలహీనంగా ఎగురుతుంది, గాలి తోస్తే నిలవలేదు. ఫ్యాను తల కిందికి దించి కాళ్ళ మీదికి, బల్ల కిందికి తిప్పండి, కుట్టేది అక్కడే కదా. పన్నెండు మందికి ఎదురెదురు మూలల్లో రెండు చాలు. సిట్రొనెల్లా కొవ్వొత్తి గాలి వీచే ఆరుబయట వాసనకి తప్ప దేనికీ కాదు. నీలి దీపపు ట్రాప్‌లో చచ్చేవాటిలో ఎక్కువ దోమలు కాని పురుగులే. ప్యాకేజీలో ఫౌంటెన్ ఉంటే రోజూ పంపు నడపగలరో లేదో ఆలోచించుకోండి. ఆపేసిన ఫౌంటెన్, కుండీల కింది పళ్ళెం, ఖాళీ బాన ఇవన్నీ దోమల నర్సరీలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి ఒంపేయాలి. చేపలు వేస్తే ఫౌంటెన్ వరకు బెంగ లేదు.

నేల చల్లబరచడానికి నీళ్ళు చల్లితే అయిదున్నరకే చల్లాలి. అతిథులు వచ్చే ముందు చల్లితే ఆవిరి ముఖాన కొడుతుంది.

దీపాలు

ప్యాకేజీ మొత్తంలో ఉంచుకోదగినవి సీరియల్ బల్బులే, కట్టే తీరు మార్చుకుంటే. రంగు 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య, అంటే పసుపు కాంతి. తెల్లటి కాంతికి పురుగు ఎక్కువ వాలుతుంది. తొలకరి పడిన రాత్రి ఉసిళ్ళు లేచే కాలంలో ఈ తేడా సాంబారు గిన్నెలో కనబడుతుంది. ఆ రోజుల్లో పెరటి దూరపు మూలన ఒక తెల్ల దీపం వేసి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టి, బల్ల దగ్గరివి తగ్గించడం పల్లెల్లో అందరికీ తెలిసిన ఉపాయమే.

బల్బుల తీగని దానంతట దాన్నే లాగి కట్టకూడదు. ముందు 2 ఎంఎం జీఐ తీగ కట్టి, బల్బుల తీగని దానికి టైలతో వేలాడదీయాలి. లేకపోతే హోల్డర్ల దగ్గర సాగి, వాన నీరు లోపలికి దిగుతుంది. తొమ్మిదడుగుల ఎత్తు, 20 అడుగుల దూరానికి అడుగు లోపు వేలాటం. బల్బు కళ్ళకి సూటిగా పడే ఎత్తులో ఉంటే ఎదుటివాళ్ళ మొహం కనబడదు. సోలార్ దీపాలు దారి పక్కన సరదాకి సరే, వానాకాలం మబ్బు పట్టిన వారంలో ఎనిమిదింటికల్లా ఆరిపోతాయి.

కరెంటు పని దగ్గర బేరం వద్దు. పెరటి లైను మొత్తానికి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) వేరుగా ఉండాలి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. దీపాలకి 1.5, సాకెట్లకి 2.5 చదరపు ఎంఎం తీగ. 2 కిలోవాట్ల ఎలక్ట్రిక్ తందూరు 9 యాంపియర్లు లాగుతుంది కాబట్టి 16 యాంపియర్ల సాకెట్టే పెట్టించాలి. సాకెట్టు నేలకి అడుగున్నర పైన, మూత ఉన్న ఐపీ55 పెట్టెలో (ఐపీ అంకె దుమ్మునీ నీటినీ ఎంత ఆపుతుందో చెబుతుంది). దీపాలు ఐపీ65. తడి నేల మీద ఉత్తకాళ్ళ పిల్లలు తిరిగే చోటు, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కటి కూడా కింద ఉండకూడదు.

కూర్చోవడం

వికర్ సెట్టు నలుగురికి, ధర పన్నెండు మందికి సరిపడేంత. కొంటే అయస్కాంతం పట్టుకెళ్ళండి. అంటుకుంటే లోపల ఇనుము. పూత లేచిన చోట తుప్పు దిగి బండ మీద మరక వేస్తుంది, సముద్రం పక్క ఊళ్ళలో ఇంకా తొందరగా. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, కాళ్ళ వెల్డింగు కూడా చూసుకోండి. కుషన్ జిప్పు తీసి చూడండి, మామూలు స్పాంజి అయితే ఒక్క వానకి తడిసి వారం ఆరదు, బూజు వాసన పట్టేస్తుంది. పైగా సోఫాలో వెనక్కి వాలి విస్తరిలో అన్నం తినలేం. అది కాఫీలకి చేసిన వస్తువు.

భోజనాలకి నమ్మదగింది గోడ వెంట కట్టిన అరుగు. 17 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు, మనిషికి 24 అంగుళాల పొడవు. 20 అడుగుల గోడకి పదిమంది. పైన కడప బండ ఒకటిన్నర అంగుళం ముందుకి పొడుచుకు రావాలి, మడమలు ఇటుకకి తగలకుండా. ఈ అరుగు పడమటి ఎండ పడని గోడకే కట్టాలి, నల్లబండ కూర్చునే చోట కాలితే ఇంకా కష్టం. మిగతావాళ్ళకి మడత కుర్చీలు, ఒక నవారు మంచం. వాన వస్తే లోపలికి మోసుకుపోగలిగినవే పెరటి సామాను. ఎనిమిది మంది బల్లకి కుర్చీలు వెనక్కి జరిపే చోటుతో కలిపి 12×14 అడుగులు పోతుంది. అంటే మన 300 అడుగుల్లో సగం పైనే. అందుకే పెద్ద బల్ల ఒకటి కాక చిన్నవి రెండు. వడ్డించేవాళ్ళ దారి మూడడుగులు వదలాలి.

చేతులు కడుక్కునే కుళాయి ఏ ప్యాకేజీలోనూ ఉండదు! చేత్తో తినే వాళ్ళ పెరటికి అది లేకపోతే పన్నెండు మందీ వంటింటి సింకు దగ్గర వరస కడతారు. తడి కాళ్ళతో ఇల్లంతా తిరుగుతారు. రెండు కుళాయిల చిన్న తొట్టి, కింద మెతుకులు ఆపే జాలీ, నీళ్ళు అరటి పాదుకి.

పొయ్యి

ఉచిత బార్బెక్యూ పల్చటి రేకుది. రెండు మూడుసార్లు కాలేసరికి వంకర పోతుంది, క్రోమ్ పూత పెచ్చులూడి కబాబుకి అంటుతుంది. 3 ఎంఎం ఇనుప రేకుతో లేత్ షాపులో పెట్టె చేయించి, పైన స్టెయిన్‌లెస్ 304 కడ్డీలు వేయించుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. కడ్డీకీ బొగ్గుకీ మధ్య నాలుగు నుంచి ఆరు అంగుళాలు. పన్నెండు మందికి రెండున్నర కిలోల మాంసం అనుకుంటే మూడు కిలోల తుమ్మ బొగ్గు. కిరసనాయిలు పోయకండి, ముక్కకి వాసన పట్టేస్తుంది. కొబ్బరి పీచుతో అంటించి అరగంట ఆగి, పైన తెల్లటి బూడిద పట్టాకే ముక్క పెట్టాలి. తొందరపడితే పైన మాడి లోపల పచ్చి. పెట్టె కింద నేల మీద వరస ఇటుకలు పరవండి, నాపరాయి నేరుగా వేడెక్కితే పొరలు లేస్తుంది. మిగిలిన నిప్పుని మూత ఉన్న ఇనుప బకెట్‌లో వేయాలి, బూడిద కింద అది తెల్లారే దాకా బతికే ఉంటుంది.

పొయ్యి ఆగ్నేయ మూలన అంటుంది వాస్తు. గాలి లెక్కా ఇక్కడ దానికి అడ్డు రాదు. నైరుతి గాలి వీచే నెలల్లో పొగ ఈశాన్యానికి పోతుంది కాబట్టి కూర్చునే చోటు పడమటి సగంలో ఉంటే కళ్ళు మండవు. బిర్యానీ గుండిగకి గ్యాసు పొయ్యి పెడితే సిలిండరుని అరుగు కింది అలమరాలో బంధించకండి. వంటగ్యాసు గాలి కంటే బరువు, కారితే అడుగునే పేరుకుంటుంది. తలుపులో కింది భాగాన జాలీ ఉండాలి.

చెట్ల గురించి రెండు ముక్కలు. బల్లకి పైన మామిడి ఉంటే పూత కాలంలో తేనెమంచు పురుగు జిగురు అంతా కుర్చీల మీదే. నేరేడు పండు రాలితే పసుపు తాండూరు మీద ఊదా మరక. మునగకి వానాకాలం గొంగళిపురుగులు, దాని కింద ఎవరినీ కూర్చోబెట్టకూడదు. కూర్చునేచోటుకి గాలి వచ్చే వైపున సన్నజాజి పందిరో, రాధామనోహరమో పెడితే దీపాలు పెట్టే వేళకి వాసన దానంతట అదే వస్తుంది.

ప్యాకేజీ వాళ్ళతోనే చేయించుకుంటే కొటేషన్‌ని వస్తువుల వారీగా విడగొట్టి ఇమ్మనండి. గడ్డి, సోఫా, ఫౌంటెన్ తీసేయమనండి. ఆ మిగిలిన డబ్బు కాంక్రీటుకీ, కాలువకీ, ఆర్‌సీసీబీకీ, అరుగుకీ మళ్ళించండి. కాగితం మీద వాటం ఎంత, ఏ వైపుకో రాయించండి. పని అయ్యాక ఇంటి గోడ దగ్గర నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, పావుగంట తర్వాత వచ్చి చూడండి. ఎక్కడైనా రూపాయి బిళ్ళ మునిగేంత నీరు నిలిచి ఉంటే ఆ బండ తీసి మళ్ళీ వేశాకే ఆఖరి వాయిదా.